ఓడినవాడి కింద నేల

పోటీ లేకపోతే మనిషి చెయ్యి కదలదని నమ్మేవాళ్లు సాక్ష్యం కోసం సూరత్‌ని చూపిస్తే కాదనడం కష్టం. ప్రపంచంలో సానబట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే వెళతాయి. రింగ్‌రోడ్డు వెంబడి బట్టల మార్కెట్లలో ఒకే తీరు చీరని వందల దుకాణాలు అమ్ముతాయి. పక్కవాడు ధర తగ్గిస్తే తనూ తగ్గించాలి, లేదా వాడి దగ్గర లేని డిజైను దించాలి. లింబాయత్, ఉధనా వైపు వెళితే సాంచాల (మరమగ్గాల) మోత రాత్రీపగలూ వినిపిస్తుంది. ఆ మోతలో తెలుగు మాట కూడా కలిసి ఉంది. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు తరాల కిందటే ఇక్కడికి వచ్చి, కొందరు కూలీలుగా, కొందరు నాలుగు సాంచాల ఆసాములుగా, కొందరు వ్యాపారులుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడపాల్సినంత మంది ఉన్నారు. వజ్రాల గని ఒక్కటి కూడా లేని ఊరు వజ్రాలకి రాజధాని అయిందంటే అదంతా పోటీ మహిమే అని చెప్పెయ్యడం సులువు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది ఎంతవరకు నిజమో తూచకుండా ఆ సగం నిజంతోనే మనం లక్షలమంది బతుకుల మీద తీర్పులు చెప్పేస్తున్నాం. నా బాధ అదీ.

పోటీ ప్రకృతి ధర్మం అనేవాళ్లు మొదట డార్విన్ పేరెత్తుతారు. బలమైనదే బతుకుతుందన్న అర్థంలో వాడే ఆ ప్రసిద్ధ సూత్రం నిజానికి డార్విన్ పుట్టించింది కాదు. 1864లో ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ రాసినదాన్ని డార్విన్ 1869లో తన పుస్తకం ఐదో ముద్రణలోకి తీసుకున్నాడు. మనుగడ కోసం పోరాటం అన్నప్పుడు తాను ఆ మాటని చాలా విశాలమైన అర్థంలో వాడుతున్నానని, ఒక జీవి మరో జీవి మీద ఆధారపడటం కూడా అందులో భాగమేనని 1859 నాటి మొదటి ముద్రణలోనే ఆయన స్పష్టం చేశాడు. సైబీరియా చలిలో జంతువులని గమనించిన రష్యన్ ఆలోచనాపరుడు క్రొపొట్కిన్, ఒకదాన్నొకటి చంపుకోవడం కన్నా ఒకదానికొకటి తోడుపడటమే తనకి ఎక్కువగా కనిపించిందని 1902లో ఒక పుస్తకమే రాశాడు. పోరాటం, తోడ్పాటు, ఈ రెంటిలో ఏది గెలిచిందన్నది నా ప్రశ్న కాదు. ప్రకృతిలో రెండూ ఉన్నాయి. ఆడతోడు కోసం కొమ్ములు కలిపే దుప్పులున్నాయి, మంద అంచున కాపలా కాసేవీ ఉన్నాయి. ప్రకృతిలో ఉంది కాబట్టి మంచిదనుకుంటే రోగం కూడా ప్రకృతిలోదే. కాబట్టి సహజమా కాదా అన్న చర్చ మనల్ని ఎక్కడికీ చేర్చదు. మనుషులు పోటీపడతారు, అది ఎప్పటికీ ఉంటుంది. తెలుసుకోవలసింది, ఆ పోటీ దేని మీద నిలబడి జరుగుతోంది, ఓడినవాడు ఎక్కడ పడుతున్నాడు అన్నదే.

ఈ ప్రశ్నకి ఒక జవాబు తెలుగు నేలలోనే, మూడున్నర శతాబ్దాల కిందట దొరుకుతుంది. బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా, అంటే పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగం దాకా, ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే, అందులోనూ కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గోల్కొండ గనుల నుంచే వెళ్లేవి. సూరత్ రేవులో దిగి దక్కనుకి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రావుల్కొండ గని దగ్గరి సంత గురించి ఒక ముచ్చట రాశాడు. పదేళ్ల నుంచి పదిహేను పదహారేళ్ల వయసున్న వర్తకుల పిల్లలు పొద్దున్నే ఊరి మధ్య చెట్టు కింద కూర్చునేవాళ్లు. ఒక్కొక్కడి నడుముకి తూకపు రాళ్ల సంచీ, వరహాల సంచీ. ఎవరైనా రాయి అమ్మడానికి వస్తే అది ముందు అందరిలోకి పెద్దవాడి చేతికి వెళ్లేది. వాడు చూసి పక్కవాడికిచ్చేవాడు. ఒక్కరూ పెదవి విప్పకుండా రాయి చేతులన్నీ తిరిగి మళ్లీ పెద్దవాడి దగ్గరికే వచ్చేది. అప్పుడు వాడు బేరమాడి కొనేవాడు. ఎక్కువ ధర పెట్టాడంటే ఆ నష్టం వాడిదే. సాయంత్రం రాళ్లన్నీ పోగుచేసి, రకాలు విడదీసి, పెద్ద వర్తకులకి అమ్మి, వచ్చిన లాభం అందరూ సమానంగా పంచుకునేవాళ్లు. పెద్దవాడికి మాత్రం మిగతావాళ్లకన్నా నూటికి పావు వంతు ఎక్కువ. ఈ పిల్లలు వ్యాపారం తెలియని అమాయకులేం కాదు. రాయి విలువ కట్టడంలో ఆరితేరినవాళ్లు, బయటివాళ్లతో బేరంలో గట్టివాళ్లు. పది జతల కళ్లు చూసిన రాయిని ఒక్క జత కళ్లు చూసిన రాయికన్నా బాగా అంచనా వేయొచ్చని వాళ్లకి తెలుసు. కొనుగోలులో తప్పు చేసినవాడికి శిక్ష ఉంది, కానీ ఆ ఒక్క తప్పుతో వాడు చెట్టు నీడ పోగొట్టుకోడు. నాయకుడికి ప్రతిఫలం ఉంది, కానీ అది మిగతావాళ్లని ఆకలికి వదిలేసేంత కాదు. పోటీకి కావలసిన చురుకుదనమంతా ఈ ఏర్పాటులో ఉంది. అది నిలబడింది మాత్రం పంపకం మీద.

ఇవాళ్టి సూరత్ వజ్రాల బజారులో వర్తకుల సంగతి చూస్తే ఆ చెట్టు నీడ ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. మహీధర్‌పురా సందుల్లో దలాళ్లు కాగితం పొట్లాల్లో రాళ్లు పట్టుకుని నిలబడి బేరాలు చేస్తారు. లక్షల విలువైన పొట్లాన్ని డబ్బు కట్టకుండా జాంగడ్ చీటీ మీద తీసుకెళతారు. అమ్ముడైతే డబ్బు, లేకపోతే రాయి వెనక్కి వస్తుంది. ఊళ్ల మధ్య సరుకుని, నగదుని ఆంగడియాలు మోసుకెళతారు. ఇదంతా నడిచేది మాట మీద, ఆ మాటకి పూచీపడే బంధుత్వాల మీద, కులం మీద, ఒకే ఊరివాళ్లమన్న పట్టింపు మీద. పాలన్‌పూర్ జైనులు, సౌరాష్ట్ర పటేళ్లు ఈ రంగంలోకి వచ్చింది ఒంటరిగా కాదు. ఒకరు నిలదొక్కుకుని తమ్ముణ్ని, మేనల్లుణ్ని, పక్కింటి కుర్రాణ్ని పిలుచుకున్నారు. ఒకరితో ఒకరు రోజూ ధర కోసం తలపడే వాళ్లే డబ్బు కలిపి 4 వేలకు పైగా ఆఫీసులతో సూరత్ డైమండ్ బోర్స్ కట్టుకున్నారు. అది 2023 డిసెంబరు 17న ప్రారంభమైంది. 2017 జూలైలో జీఎస్టీకి వ్యతిరేకంగా బట్టల మార్కెట్లన్నీ రోజుల తరబడి మూతపడ్డాయి. ఒకరి గిరాకీ ఒకరు లాక్కునే వ్యాపారులు అందరికీ సంబంధించిన విషయం వచ్చేసరికి ఒక్కటిగా షట్టర్లు దించారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. పోటీ గురించి ఉపన్యసించే వర్గం తన వరకు ఎంత జాగ్రత్తగా సహకారాన్ని పేర్చుకుందో మాత్రం గమనించాలి. దివాలా తీసిన వర్తకుడికి పెద్దమనుషుల రాజీ ఉంటుంది, వాయిదా ఉంటుంది, బావమరిది పెట్టుబడి ఉంటుంది. అతను పడతాడు, కానీ నేల మీద పడతాడు.

అదే బజారులో, అదే రాయి మీద పనిచేసే మనిషి సంగతి వేరు. సానచక్రం దగ్గర కూర్చునే వాళ్లని గౌరవంగా రత్నకళాకార్ అంటారు. కూలీ మాత్రం రాయికింత. చాలామందికి నియామక పత్రం ఉండదు, ప్రావిడెంట్ ఫండ్ ఉండదు. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు ఈ ఊళ్లో కార్ఖానాలు మూతపడి, వేల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సౌరాష్ట్ర పల్లెలకి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ప్రయోగశాలలో పెంచే వజ్రాలు వచ్చి ధరలు పడిపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఈ మూడింటిలో ఒక్కదానికైనా సానపట్టేవాడి నైపుణ్యం తగ్గడం కారణమా? అతను ఎవరితో పోటీపడి ఓడిపోయాడు? సాంచాల దగ్గరా అంతే. పన్నెండు గంటల పాళీ, మీటరుకింత కూలీ. గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒడియా కుర్రాడికి, తెలంగాణ నుంచి వచ్చిన తెలుగు కుర్రాడికి మధ్య ఆ కూలీ దగ్గర పోటీ పెడితే బట్ట నాణ్యత పెరగదు. పడేది రేటు ఒక్కటే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్యలో మమ్మల్ని మా ఊళ్లకి పంపించండి అంటూ సూరత్ సాంచాల కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఏళ్ల తరబడి రాత్రీపగలూ పోటీపడి పనిచేసిన మనుషులకి పని ఆగిన కొద్ది రోజులకే తినడానికి, ఉండటానికి ఆధారం లేకుండా పోయింది. డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల నుంచి దక్షిణ గుజరాత్ కూలీల మధ్య తిరిగి రాసిన పుస్తకాలన్నిట్లోనూ ఈ సంగతే ఉంది: ఈ శ్రమకి కుదురు లేదు, తిరిగి చూసుకుంటే వెనక గోడ లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. రాయికింత, మీటరుకింత అన్న లెక్కే లేకపోతే బాగా పనిచేసేవాడికీ బద్ధకస్తుడికీ తేడా ఏముంటుంది? న్యాయమైన ప్రశ్నే. చేతిలో పనితనం ఉన్నవాడు రెండింతలు సంపాదించడం నాకు సమ్మతమే. టావెర్నియర్ చూసిన పిల్లలు కూడా తమ పెద్దవాడికి కొంచెం ఎక్కువే ఇచ్చారు. కానీ నైపుణ్యం ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆలోచించాలి. సానపట్టడం పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. పక్కన కూర్చున్నవాడు తన రాయి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని, కోణం చూపిస్తే వస్తుంది. పూర్తిగా ముక్కల లెక్క మీద బతికేవాడికి పక్కవాడికి నేర్పే ప్రతి గంటా నష్టమే, పైగా రేపు తన కూలీకి తనే పోటీదారుణ్ని తయారుచేసుకున్నట్టవుతుంది. అయినా సూరత్‌లో లక్షలమంది పని నేర్చుకున్నారంటే, సొంత ఊరివాడని, మావయ్య కొడుకని ఎవరో ఒకరు ఆ నష్టాన్ని భరించి నేర్పబట్టే. పోటీని పొగిడేవాళ్ల లెక్కల పుస్తకంలో ఈ పద్దు ఎక్కడా కనిపించదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మన సొంత చరిత్ర నుంచే వస్తుంది. 1991కి ముందు లైసెన్సుల కాలంలో పోటీని అదుపులో పెట్టాం. ఫలితం, స్కూటర్ బుక్ చేసుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూశాం. చాలాకాలం కారంటే అంబాసిడర్ లేదా పద్మిని, పాతికేళ్లయినా మారని ఆకారం. తలుపులు తెరిచాక సరుకు మెరుగుపడిందన్నది ఎవరూ కొట్టెయ్యలేని సత్యం. నేనూ కొట్టెయ్యను. కొనేవాడికి మరో దుకాణానికి వెళ్లే దారి ఉండాలి, అది లేని చోట అమ్మేవాడు మొద్దుబారుతాడు. అయితే లైసెన్సుల కాలంలో పోటీ లేకుండా పోయిందా? అది కార్ఖానా నుంచి ఢిల్లీలో సెక్రటేరియట్ వరండాలకి మారింది. మంచి స్కూటర్ చేయడంలో చూపాల్సిన పట్టుదలంతా పర్మిట్ సంపాదించడంలో చూపారు. అంటే మనిషిలోని పోటీ గుణాన్ని ఎటు తిప్పాలన్నది మనం రాసుకునే నియమాల చేతిలో ఉంది. నాణ్యత మీద పోటీపడమంటే నాణ్యత పెరుగుతుంది. కూలీ తగ్గించడంలో పోటీపడమంటే కూలీ తగ్గుతుంది. మరి ఏ పోటీ పెట్టాలన్నది ప్రకృతి చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

సిరిసిల్ల కథ ఈ విషయంలో నన్ను చాలాకాలంగా వదలడం లేదు. సూరత్ బట్టతో, మహారాష్ట్రలోని భివండీ బట్టతో పోటీపడలేక అక్కడి సాంచాలు ఆగిపోయాయి, నేతన్నల ఆత్మహత్యల వార్తలు ఏళ్ల తరబడి వచ్చాయి. ఇందులోని విషాదం ఏమిటంటే సూరత్‌లో ఆ చవక బట్ట నేసినవాళ్లలోనూ తెలంగాణ పద్మశాలీలున్నారు. మార్కండేయుణ్ని కొలిచే ఒకే కులంలో ఒక అన్న నేసిన బట్ట ఇంకో అన్న సాంచాని ఆపేసింది. ఇద్దరిలో ఎవరూ ధనవంతులు కాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్లకి ఇచ్చినప్పుడు, మొదటి ఏడాది అక్కడ నేసినవి చాలక మిగిలినవి సూరత్ నుంచే తెప్పించారు. తర్వాతి ఏళ్లలో ఆ ఆర్డర్లే సిరిసిల్లకి ఊపిరి పోశాయి. కానీ 2024 మొదట్లో కొత్త ఆర్డర్లు లేక, పాత బకాయిలు రాక సాంచాలు మళ్లీ ఆగాయి. పోటీకి విరుగుడు సర్కారు ఆర్డరేనని వాదించేవాళ్లు ఈ రెండో సగాన్ని దాటవేయకూడదు. కొనేవాడు ఒక్కడే అయితే అతని దయ మీద బతకాల్సి వస్తుంది, దయని ఆధారంగా పెట్టుకుని బతుకు కట్టుకోలేం. సిరిసిల్లకి కావలసింది శాశ్వతమైన రక్షణ గోడ అని నేననను. సూరత్‌లోనూ, భివండీలోనూ, సిరిసిల్లలోనూ మీటరుకి ఒక కనీస కూలీ, దానికి దిగువన ఎవరూ నేయించకూడదన్న ఒకే కట్టుబాటు ఉండి ఉంటే, పోటీ డిజైను మీద, రంగు మీద, నేత మీద జరిగేది. అన్నదమ్ముల కడుపుల మీద జరిగేది కాదు.

పోటీ అసలు పనికిరాని రంగాలూ ఉన్నాయి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. యాభై మందికి పైగా చనిపోయారు, లక్షల్లో జనం ఊరు వదిలి రైళ్లెక్కారు, ఎందరో ప్రైవేటు డాక్టర్లు ఆసుపత్రులకి తాళాలు వేశారు. ఎవరి ఇంటిని వాళ్లు అద్దంలా ఉంచుకుని చెత్తని సందులోకి తోసే పద్ధతి ఎంతకాలం సాగుతుందో ఆ పది రోజుల్లో తేలిపోయింది. డబ్బున్న కాలనీకీ మురికివాడకీ మధ్య రోగం ఆగే గీత లేదు. 1995 మేలో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఊరిని ఆరు జోన్లుగా విడదీసి, అధికారాలని అక్కడి అధికారులకే పంచి, రోజూ పొద్దున్నే అధికారులు వీధుల్లో ఉండాలన్నాడు. పలుకుబడి ఉన్నవాళ్ల అక్రమ కట్టడాలనీ కూల్చాడు. ఏడాదిన్నర తిరిగేలోగా ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ని దేశంలో చండీగఢ్ తర్వాత రెండో శుభ్రమైన నగరంగా గుర్తించింది. ర్యాంకు కోసం మొదలైన పని కాదిది. అందరి ప్రాణం ఒకే మురుగుకాలవకి ముడిపడి ఉందని అర్థమయ్యాక మొదలైంది. తర్వాత స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఇందోర్ వెనక నిలిచిన సూరత్ 2023 ర్యాంకుల్లో ఇందోర్‌తో మొదటి స్థానం పంచుకుంది. ఈ పోటీ మంచిదే. పదో స్థానంలో వచ్చిన ఊరు తన చీపుర్లు పోగొట్టుకోదు, మరుసటి ఏడాది ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది. ఓడినా మిగిలే పోటీ అంటే ఇలాంటిది.

దీనికి పూర్తి విరుద్ధమైనది మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ పోటీ. ఐఐటీల్లో సీట్లు 18 వేల దగ్గర ఉన్నాయి, ప్రవేశ పరీక్ష మొదటి దశ రాసేవాళ్లు పది లక్షలకు పైగా. బట్టల వ్యాపారులు పోటీపడితే కనీసం బట్ట పెరుగుతుంది. పిల్లలు రోజుకి నాలుగు గంటలు చదివినా పద్నాలుగు గంటలు చదివినా సీట్లు అన్నే. పెరిగేది అలసట, ఫీజులు. సాంచాల మోత నుంచి బిడ్డని తప్పించాలని ఆశపడే సూరత్ తెలుగు తండ్రి కూడా ఈ పందెంలోకే తోస్తాడు. తప్పు అతనిది కాదు. ఈ చదువులో గెలవనివాడికి గౌరవంగా బతికే మరో దారి చూపలేకపోయిన సమాజానిది.

చివరికి అందరూ అనే మాట ఒకటుంది: ఇక్కడ కూలీ పెంచి, గంటలు తగ్గిస్తే పని బంగ్లాదేశ్‌కో వియత్నాంకో పోతుంది కదా? ఈ భయం ఉత్తిది కాదు. ఒక్క కార్ఖానా ఒంటరిగా మంచితనం చూపిస్తే అది మునిగే అవకాశం ఉంది, ఒక్క రాష్ట్రానికీ అంతే. అందుకే ఈ నేల ఒక్కరు పరిచేది కాదు. కానీ మనం ఎటు నడుస్తున్నామో చూడండి. 2025 జూలైలో గుజరాత్ ఒక ఆర్డినెన్స్‌తో ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పన్నెండుకి పెంచింది. కొద్ది వారాల ముందే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం దాన్ని పది గంటలు చేయాలని నిర్ణయించింది. అదే జూలైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో పది గంటలకి అనుమతిచ్చింది. వారానికి 48 గంటలన్న పాత హద్దు కాగితం మీద అలాగే ఉంది, సాంచాల షెడ్డులో దాన్ని ఎవరు లెక్కపెడతారో అడగకూడదు. మూడు రాష్ట్రాలూ చెప్పిన కారణం పెట్టుబడులు రావాలని, వ్యాపారం సులువుగా సాగాలని. రాష్ట్రాలు పోటీపడి రోడ్లు వేసుకోవచ్చు, రేవులు కట్టుకోవచ్చు, కరెంటు కోతలు లేకుండా చూసుకోవచ్చు. అలాంటి పోటీలో ఎవరు రెండో స్థానంలో నిలిచినా జనానికి నష్టం లేదు. పనిచేసేవాడి నిద్రలోంచి గంటలు కోసి పందెం కాసే హక్కు మాత్రం ఏ రాష్ట్రానికీ ఉండకూడదు. గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ కార్మిక శాఖలు కూర్చుని సాంచాల కూలీకి ఒక ఉమ్మడి కనీస రేటు, పాళీకి ఒక ఉమ్మడి హద్దు రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు లేదు. వ్యాపారులు రింగ్‌రోడ్డు మీద కొన్ని రోజుల్లోనే సాధించుకున్న ఐక్యతని ప్రభుత్వాలు ఇన్ని దశాబ్దాల్లో ఎందుకు సాధించలేదని సూరత్ సాంచాల దగ్గరా, సిరిసిల్ల సాంచాల దగ్గరా పనిచేసేవాళ్లు కలిసి అడగాలి.